దీక్షితులి ముద్ద

దీక్షితులికి షుగరని తేలింది దసరా వెళ్ళిన గురువారం నాడు. మర్నాడు సెట్లో ఆ మాట చెప్పి ఒక గంట ముందు వెళ్ళిపోతానంటే మా మేకప్ ఆవిడ "అయ్యో, పెద్దాయనా? ఎప్పట్నించండీ?" అని నొచ్చుకుంది. పెద్దాయన కాదు, పిల్లి అన్నాను. ఆవిడ మొహంలో జాలి కాస్తా నవ్వయి కూర్చుంది. మనిషికి జబ్బు చేస్తే పళ్ళు పట్టుకుని చూడ్డానికొస్తారు. పిల్లికి జబ్బు చేస్తే పదిమందికి చెప్పి నవ్వుకుంటారు.

వాణ్ణి ఇంటికి తెచ్చింది మా నాన్న పరబ్రహ్మం గారు. ఆయన సినిమా ముహూర్తాల పురోహితుడు. కెమెరాకి పసుపు కుంకాలు పెట్టి, క్లాప్ బోర్డుకి హారతిచ్చి, నిర్మాత చేత కొబ్బరికాయ కొట్టించేవారు. ఆయన చేతి మీదుగా మొదలైనవాటిలో విడుదలైనవాటికంటే అటకెక్కినవే ఎక్కువ. ఆ మాటంటే "ముహూర్తం వరకే నా పూచీ" అనేవారు. అలాంటి ఒక ప్రారంభం రోజున పూజ బల్ల కిందనుంచి గుప్పెడంత నల్లపిల్లి కూన బయటికొచ్చి ఆయన పంచె అంచు పట్టుకుంది. నల్లపిల్లి ఎదురొచ్చిందని నిర్మాత మొహం మాడ్చుకున్నాడు. ఎవరో కర్ర తీసేలోపు నాన్న దాన్ని బియ్యం మూట కట్టుకున్న సంచిలో వేసుకుని ఫిల్మ్ నగర్‌లో మా మేడ మీది వాటాకి తెచ్చేశారు. ఆ సినిమా వారంలో ఆగిపోయింది. పిల్లి మాత్రం తొమ్మిదేళ్ళుంది.

మాంసం ముట్టని ఇంట్లో పెరుగుతున్నాడని దీక్షితులని పేరు పెట్టారు. పాలు, పెరుగన్నం, పండగ నాడు ఒక గారె ముక్క. మెట్ల కింద బల్లులు తగ్గిపోతున్న సంగతి ఎవరూ ఆరా తీయలేదు. "రుద్రాక్షపిల్లి అంటే వీడే" అని నేను ఏడిపించేదాన్ని. నాన్న భోజనం చివర పెరుగన్నంలో ఒక ముద్ద తీసి కంచం అంచున పెట్టి లేచేవారు. వాడు వచ్చి అది తినాలి. వాడు తినకపోతే ఆయనకి భోంచేసినట్టే ఉండేది కాదు. కిందటేడు ఆషాఢంలో ఆయన పోయాక, పదమూడో రోజు దాటగానే, అమ్మ తన కంచం అంచున ఆ ముద్ద పెట్టడం మొదలెట్టింది. నేను చూశాను. ఆవిడా నేను చూడ్డం చూసింది. 

ఏటి సూతకమని కిందటి కార్తీకం అమ్మ ఉపవాసాలేవీ ఉండలేదు. ఈ ఏడాది సోమవారాలు ఉంటానని, దీపాలు పెట్టుకుంటానని భాద్రపదం నుంచే కూర్చుని వత్తులు చేసింది. పక్కన దీక్షితులు. వాడు అప్పటికే గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగుతున్నాడు, తింటున్నా చిక్కిపోతున్నాడు, వెనక కాళ్ళు మడమల దాకా నేలకానించి ముసలాడిలా ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. వయసు మీద పడిందనుకున్నాం.

షేక్‌పేటలో పశువుల డాక్టరు శ్రీనిధి వాడి చెవి అంచున సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం తీసి చూసింది.

"నాలుగొందల ఇరవై. డయాబెటిస్ అండీ. రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ ఇవ్వాలి, పన్నెండు గంటల గ్యాప్‌తో. ఫస్ట్ తినాలి, తిన్నాకే ఇంజెక్షన్. షుగర్ రోజూ ఇంట్లో చెక్ చేసి రాసుకోండి, దాన్ని బట్టి డోస్ మారుస్తాను. అన్నం, పాలు టోటల్‌గా ఆపెయ్యాలి. చికెన్ ఉడకబెట్టి పెట్టండి, ఉప్పూ కారం లేకుండా."

"మేం బ్రాహ్మలమమ్మా" అంది అమ్మ.

"పిల్లి కాదు కదండీ" అంది డాక్టరు. నవ్వుతూనే అంది. తర్వాత నా వైపు తిరిగి, "కరెక్ట్‌గా చేస్తే కొన్ని క్యాట్స్‌కి మూడు నాలుగు నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. షుగర్ ఎక్కువైతే మనకి టైముంటుంది. పడిపోతే ఉండదు" అంది.

ఇంటికొచ్చాక గొడవ జరిగింది. మడికట్టుకుని వండే ఇంట్లో కోడి ఉడకడానికి వీల్లేదంది అమ్మ. అయితే దీక్షితుల్ని చంపుకుందామా అన్నాను. అంత మాట అనకూడదు, నాకప్పుడు తోచలేదు. గిన్నెలు తోముతున్న యాదమ్మ చెయ్యి తుడుచుకుంటూ మధ్యలోకొచ్చింది.

"గింత దానికి గంత లొల్లి ఎందుకమ్మా? మా ఇంట్ల ఉడకబెట్టి డబ్బాల తెస్త. మెట్ల మీదనే పెడ్త, గడప దాటియ్య. గిన్నె సుత మా ఇంటికే కొంచబోత. నువ్వైతే ఫికర్ జెయ్యకు."

అలా ఒప్పందం కుదిరింది. యాదమ్మ పొద్దున ఆరున్నరకీ సాయంత్రమూ డబ్బా తెచ్చేది. వాడు మెట్ల మీద తిని వస్తే అమ్మ తడిగుడ్డతో మూతి తుడిచి లోపలికి రానిచ్చేది. మొదటి రోజు వాడు కోడిమాంసం వాసన చూసి, యాదమ్మ మొహం చూసి, తర్వాత ఇంక తలెత్తలేదు. తొమ్మిదేళ్ళ దీక్ష అరనిమిషంలో పోయిందని నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ముద్ద కలిపి, అలవాటుగా కంచం అంచు దాకా తెచ్చి ఆపింది. వాడు ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు.

"పిల్లికి బిచ్చం పెట్టరని లోకాన్ని ఆడిపోసుకుంటాం. చివరికి ఆ మనిషిని నన్ను చేశావు గదుటే అనఘా" అంది.

"మూడు నెలలు ఓర్చుకో అమ్మా. వాడు బాగుపడాలా, వద్దా?"

అమ్మ ఆ ముద్ద తనే తినేసింది. అక్కడితో అది అయిపోయిందనుకున్నాను.

నా పని కంటిన్యుటీ. ఒక సీను నాలుగు రోజులు తీస్తారు. హీరోయిన్ జడ ఏ భుజం మీదుంది, గ్లాసులో నీళ్ళు ఎంతవరకున్నాయి, గడియారంలో ముల్లు ఎక్కడుంది, అన్నీ నేను రాసిపెట్టాలి. ఏ టేక్ పనికొస్తుందో, ఏది రాదో రాయాలి. పనికిరానిదాన్ని కొట్టేసి పక్కన ఎన్‌జి అని పెడితే ఇంక ఎడిటర్ దాని మొహం చూడడు. పన్నెండేళ్ళుగా ఇదే పని. నా కన్ను దాటి ఏదీ పోదని యూనిట్లో పేరు. ఆ గర్వంతోనే దీక్షితులికీ ఒక పుస్తకం పెట్టాను. తేదీ, టైము, ఏం తిన్నాడు, షుగరెంత, డోసెంత.

ఇంజెక్షన్ మాత్రం నాకంటే అమ్మకే బాగా వచ్చింది. మెడ వెనక తోలు గుడారంలా ఎత్తి పట్టుకుని, మల్లెలు గుచ్చినంత తేలిగ్గా గుచ్చేది. వాడికి తెలిసేది కూడా కాదు. చెవి గుచ్చి రక్తం తియ్యడం మాత్రం నా వల్ల కాదు తల్లీ అంది. కాబట్టి షుగరు చూడ్డం నా వంతు.

ఒక యూనిట్‌తో మొదలెట్టాం. మూడొందల తొంభై, నాలుగొందల రెండు, మూడొందల ఎనభై. రెండు చేసింది డాక్టరు. అదే వరస. అన్నం లేదు, పాలు లేవు, వేళ తప్పని ఇంజెక్షను, అయినా షుగరు మెట్టు దిగదు. వాడి వీపు మీద ఎముకలు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. నాకు భయం పట్టుకుంది. నాన్న ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ నేను ఔట్‌డోర్లో ఉన్నాను, ఆఖరి పూటకి అందుకోలేదు. వీణ్ణయినా దక్కించుకోవాలని ఒకటే పట్టు. ఆ పట్టు ఎవరికి చెప్పుకుంటాను, చెబితే నవ్వుతారు.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం అమ్మ తెల్లారకుండా తలస్నానం చేసి, తులసి దగ్గర దీపం పెట్టి, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉపవాసం ఉంది. ఆ సాయంత్రం ఆరింటికి నేను షుగరు చూస్తే నూటపద్దెనిమిది వచ్చింది.

నాలుగొందల మధ్య నూటపద్దెనిమిది! స్ట్రిప్పుల డబ్బా మూత పొద్దుట్నించి సరిగ్గా పెట్టలేదని అప్పుడు చూశాను. తేమకి పాడైందనుకున్నాను. ఇంకోసారి చూద్దామంటే వాడు మంచం కింద దూరాడు. మర్నాడు కొత్త డబ్బా తీస్తే మళ్ళీ మూడొందల ఎనభై. ముందూ వెనకా కలవని షాట్‌ని ఏం చేస్తామో అదే చేశాను. నూటపద్దెనిమిదిని అడ్డంగా కొట్టేసి, పక్కన ఎన్‌జి అని పెట్టాను.

ఆ గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అంకెలన్నీ చదివాను. కొట్టేసింది చదవలేదు.

"స్ట్రేంజ్‌గా ఉందే. ఇంట్లో ఇంకేమైనా పెడుతున్నారా? బిస్కెట్, పాలు, అన్నం లాంటివి?"

"ఏమీ లేదండీ. ఆ విషయంలో నేను చాలా స్ట్రిక్ట్" అన్నాను.

అమ్మ పక్కనే కూర్చుని, ఒళ్ళో ఉన్నవాడి మీద నాన్న ఉత్తరీయం సర్దుతోంది. తలెత్తలేదు. డాక్టరు మూడు చేసింది. వారం తర్వాత నాలుగు చేసి, దీనికీ దిగకపోతే వేరే టెస్టులు చేద్దామంది.

రెండో సోమవారం నేను వికారాబాద్ దగ్గర ఔట్‌డోర్లో ఉన్నాను. ఆ రోజు గడి పుస్తకంలో ఖాళీగా ఉంది. సాయంత్రం ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాడు, పడుకున్నాడు" అంది అమ్మ.

మూడో సోమవారం జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తున్నారు గనుక ఫోన్లన్నీ కట్టేసి ఒక బుట్టలో పడేయించారు. నాలుగున్నరకి టీ బ్రేక్‌లో నా ఫోన్ తీసి ఆన్ చేశాను. వెంటనే మోగింది. యాదమ్మ.

"బిడ్డా, ఎన్నిసార్లు జేసినా తెలుసా? పిల్లికి ఫిట్స్ వచ్చినయ్. గిలగిల కొట్టుకున్నది. నేను గిన్నెలకని వచ్చి చూసిన. ఆటోల ఏస్కొని షేక్‌పేట దవాఖానకు తెచ్చినం. అమ్మ గీడనే ఉన్నది. నువ్వు జల్ది రా."

నేను వెళ్ళేసరికి దీక్షితులు స్టీలు బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. ముందు కాలికి గ్లూకోజ్ ఎక్కుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడ్డం లేదు. అమ్మ నార మడి చీరలోనే వచ్చేసింది, జుట్టు చివర ముడి కూడా విప్పలేదు. నుదుటి విభూతి చెమటకి కారిపోయింది.

"ఇరవై నాలుగుకి పడిపోయింది" అంది డాక్టరు. "తేవడం చాలా లేటయింది. పొద్దున తిన్నాడా?"

"తిన్నడు. నేనే పెట్టిన, డబ్బంత ఖాళీ చేసిండు" అంది యాదమ్మ.

"డోస్?"

"నాలుగే. అమ్మ పూజలో ఉందని ఏడింటికి నేనే ఇచ్చాను" అన్నాను.

"మరి ఎందుకిలా... రోజూలాగే కదా అంతా? ఈ రోజు ఏమీ మారలేదా?"

"ఏమీ మారలేదండీ."

"ఇవాళ అన్నం వండలేదమ్మా" అంది అమ్మ.

డాక్టరు ఆవిడ వైపు తిరిగింది. నాకు ముందు ఆ మాట ఉపవాసం గురించి అనిపించింది. ఈ సమయంలో ఈ గొడవేమిటని చికాకు కూడా పడ్డాను.

"కార్తీక సోమవారం. చుక్కలు చూశాకే పొయ్యి వెలిగిస్తాను" అంది అమ్మ, గోడకి చెబుతున్నట్టు.

"రోజూ పెడుతున్నారా అమ్మా?" అంది డాక్టరు. గొంతు పెంచలేదు.

"ఆయన పెట్టే ముద్దే. అనఘ షూటింగ్‌కి వెళ్ళాక నేను ఒక ముద్ద తింటాను. అప్పుడు. మళ్ళీ పొద్దుగూకాక."

"ఎంత?"

అమ్మ అరచెయ్యి నిండుగా పట్టి చూపించింది. మా అందరికీ అది ఒక ముద్ద. దీక్షితులికి అది ఒక పూట భోజనం.

డాక్టరు దీక్షితులి కేస్ షీట్ పక్కన పెట్టేసింది. అప్పటికి నాకూ అర్థమైంది. మేం నెల్లాళ్ళుగా కొలుస్తున్నది ఆ అన్నాన్ని. ఆ అన్నానికి సరిపడా ఇన్సులిన్ పెంచుకుంటూ పోయాం. సోమవారం నాడు అన్నం లేదు, ఇన్సులిన్ మాత్రం అంతే ఉంది.

"కిందటి సోమవారం కూడా సాయంత్రానికి ఇలాగే వాలిపోయాడు" అంది అమ్మ. "కాళ్ళు తడబడ్డాయి. చుక్కలు రాగానే వండి పెరుగన్నం పెట్టాను. పావుగంటలో లేచి కూర్చుని మొహం కడుక్కున్నాడు. అన్నం లేకే నీరసపడుతున్నాడనుకున్నాను. ఇవాళా అంతే అనుకుని... చుక్కల కోసమే చూస్తూ కూర్చున్నాను."

వీధి దీపాలు వెలిగే వేళకి వాడికి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. డాక్టరు చెయ్యగలిగిందంతా చేసింది. ఏడింటికి ముందు దీక్షితులి పొట్ట కదలడం ఆగిపోయింది. అమ్మ వాడి మెడ వెనక, రోజూ సూది గుచ్చే చోట చెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

యాదమ్మ బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చింది. "చుక్కలొచ్చినయ్ అమ్మా. పొద్దుట్నించి ఏం ముట్టలే నువ్వు. జర నీళ్ళన్న తాగు" అంది.

అమ్మ తాగలేదు.

వాణ్ణి నాన్న ఉత్తరీయంలో చుట్టి, మర్నాడు పొద్దున్నే యాదమ్మ వాళ్ళ బస్తీ వెనక బండల పక్కన మట్టిచేశాం. ఆ వారమంతా నేను అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. కోపం వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. సెట్లో మేకప్ ఆవిడ అడిగితే "మా అమ్మ దొంగచాటుగా అన్నం పెట్టిందండీ" అని చెప్పాను. ఈసారి ఆవిడ నవ్వలేదు. "పెద్దవాళ్ళంతేనండీ, వినరు" అంది. నా తప్పేమీ లేదన్నట్టు ఆవిడ అనేసరికి నాకు ఎంత హాయిగా అనిపించిందో! ఇంకో ఇద్దరికి కూడా అదే కథ చెప్పాను. కొట్టేసిన అంకె సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ నాకు తెలుసు. ఆ గురువారం నేనా అంకె చదివి ఉంటే డాక్టరు ఆగేది. ఆ రోజు ఏం జరిగిందని తరచి అడిగేది. అమ్మ అప్పుడే చెప్పేసేది. అడిగితే అబద్ధమాడే మనిషి కాదు అమ్మ. నేను చిన్నబోతానని నా ఎదుట నోరు విప్పలేదు, అంతే.

నాలుగో సోమవారం నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. అమ్మ ఉపవాసం మానలేదు. పొద్దుగూకాక మేడ మీదికెళ్ళి చుక్కలు చూసి వచ్చి, వండి, నాకు వడ్డించి తనూ కూర్చుంది. పప్పు అన్నం తిని చెయ్యి కడుక్కోబోయింది.

"పెరుగు వేసుకోలేదే?"

"వదిలేశాను."

కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదొకటి వదిలేసి వస్తారు. అమ్మ ఎక్కడికీ వెళ్ళకుండానే వదిలేసింది. పుట్టి బుద్ధెరిగాక పెరుగన్నం లేకుండా భోజనం ముగించి ఎరగని మనిషి.

"మీ నాన్న పెట్టి పెంచిన ముద్ద. దాంతోనే వాడి ప్రాణం తీశాను" అంది.

నేను ఎంగిలి చేత్తోనే లేచి, ఎడం చేత్తో ఆ పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి అమ్మ ముందు పెట్టాను.

"ఇదేవిటి, కొట్టేసి ఉంది?"

"మొదటి సోమవారం సాయంత్రం. నూటపద్దెనిమిది వచ్చింది. స్ట్రిప్ పాడైందనుకుని కొట్టేశాను. డాక్టరుకి చెప్పలేదమ్మా. చెప్పి ఉంటే డోసు పెంచేది కాదు. నువ్వొక్కదానివే కాదు."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు ఆ గీత కింద అంకె చూసింది. కోప్పడితే బాగుండునని ఎదురుచూశాను.

"మామూలుగా ఎంతుండాలి వాడికి?" అంది.

"అంతే ఉండాలి."

"అయితే ఆ రోజు వాడికి బాగుందన్నమాట."

నేను తలూపాను.

"పొద్దుట్నించి నా కాళ్ళ చుట్టూ తిరిగాడే ఆ రోజు. గంతులు కూడా వేశాడు. నేనేమో పస్తున్నాడు పాపం అని పూజలో కూర్చుని ఏడ్చాను" అంది అమ్మ.

పుస్తకం మూసి పక్కన పెట్టి, పెరుగు గిన్నె నా వైపు జరిపింది. వేసుకోవాలనిపించలేదు, కానీ ఆవిడ చూస్తోంది. కలుపుకుని తిన్నాను. ఆఖరున నా చెయ్యి దానంతటదే ఒక ముద్ద తీసి కంచం అంచున పెట్టింది. ఇద్దరం దాని వైపు చూస్తూ ఉండిపోయాం. మెట్ల మీద అలికిడి లేదు.

"పారెయ్యకు. నువ్వే తినెయ్యి" అంది అమ్మ.

తీసుకుని తిన్నాను. ఆవిడ లేచి నా కంచం కూడా తీసుకుని లోపలికి వెళ్ళింది.